పదకొండు పాటలు, ఏడు నెలల తాళం: అడెల్ ‘25’ అమ్మకాలపై ఒక కేస్ స్టడీ

2015 అక్టోబర్ 18, ఆదివారం రాత్రి. బ్రిటన్‌లో ‘ఎక్స్ ఫ్యాక్టర్’ పాటల పోటీ మధ్యలో ప్రకటనల విరామం వచ్చింది. ఉన్నట్టుండి తెర నల్లబడింది. ఒక ఆడగొంతు పాడటం మొదలుపెట్టింది. పాడుతున్న మాటలు తెల్లటి అక్షరాలై నల్లటి తెరమీద వరుసగా కనిపించాయి. అంతా కలిపి ముప్పై సెకన్లు. గాయని పేరు లేదు, ఆల్బమ్ పేరు లేదు, తేదీ లేదు, ఎక్కడ కొనాలో లేదు. అయినా ఆ గొంతు ఎవరిదో ఎవరూ ఎవరినీ అడగాల్సిన అవసరం రాలేదు.

నేను పాటల విడుదలకు ప్రణాళికలు వేసే పనిలో ఉన్నాను. ఏ ఆల్బమ్ ఏ వారం రావాలి, ఏ పాట ముందు వదలాలి, స్ట్రీమింగ్ సేవల్లో ఎప్పుడు పెట్టాలి, సీడీలు ఎన్ని చేయించాలి అన్నవి నా రోజువారీ ప్రశ్నలు. ఈ పనిలో ఉన్నవాళ్ల నోట తరచుగా వినిపించే ఉదాహరణ బ్రిటిష్ గాయని అడెల్ మూడో ఆల్బమ్ ‘25’. ‘స్ట్రీమింగ్‌లో పెట్టలేదు, అందుకే అమెరికాలో ఒక్క వారంలో 33.8 లక్షల కాపీలు అమ్ముడయ్యాయి’ అని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. స్ట్రీమింగ్‌లో పెట్టలేదన్నది నిజం. 33.8 లక్షలు అమ్ముడయ్యాయన్నదీ నిజం. ఆ రెంటి మధ్య కూర్చున్న ‘అందుకే’ దగ్గరే నాకు అభ్యంతరం. ఆ ఒక్క మాటను నమ్మి ఒకప్పుడు నేనూ ఒక మంచి ఆల్బమ్‌కు నష్టం చేశాను. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు ఈ కేసును మొదటినుంచి విప్పి చూడాలి.

అప్పటి మార్కెట్

2015లో సంగీత పరిశ్రమ రెండు పడవల మీద కాళ్లు వేసి నిలబడి ఉంది. అంతర్జాతీయ రికార్డింగ్ పరిశ్రమ సమాఖ్య ఐఎఫ్‌పీఐ లెక్కల ప్రకారం ఆ ఏడాది ప్రపంచ రికార్డింగ్ ఆదాయం 1,500 కోట్ల డాలర్లు. అందులో డిజిటల్ వాటా 45 శాతం, సీడీలు, వినైల్ రికార్డుల వంటి వాటి వాటా 39 శాతం. డిజిటల్ ఆదాయం వాటిని దాటడం అదే మొదటిసారి. ఆ డిజిటల్‌లోనూ డౌన్‌లోడ్‌లు పడిపోతున్నాయి, స్ట్రీమింగ్ ఒక్క ఏడాదిలో 45 శాతం పెరిగింది. కొనుక్కునే అలవాటు తగ్గుతోంది కానీ పోలేదు. చందా కట్టి వినే అలవాటు పెరుగుతోంది కానీ ఇంకా ఇంటింటికీ చేరలేదు. ఈ సందు ఎంతోకాలం ఉండదని అప్పటికే అందరికీ తెలుసు. ‘25’ సరిగ్గా ఈ సందులో వచ్చింది.

కొత్త నియమాలు రెండు అప్పుడే అమల్లోకి వచ్చాయి. 2014 డిసెంబర్ నుంచి అమెరికా సంగీత పత్రిక బిల్‌బోర్డ్ వారంవారం ఇచ్చే ఆల్బమ్ చార్ట్‌లో స్ట్రీమింగ్‌ను కూడా లెక్కించసాగారు. అప్పటి నియమం ప్రకారం ఒక ఆల్బమ్‌లోని పాటలు 1,500 సార్లు స్ట్రీమ్ అయితే ఒక ఆల్బమ్ అమ్ముడైనట్టు, పది పాటలు విడివిడిగా డౌన్‌లోడ్ అయినా ఒక ఆల్బమ్ అమ్ముడైనట్టు. 2015 జులై 10 నుంచి ప్రపంచమంతటా కొత్త ఆల్బమ్‌లు శుక్రవారమే రావాలన్న ఏర్పాటు వచ్చింది. దాంతో చార్ట్ వారం శుక్రవారంతో మొదలై గురువారంతో ముగుస్తుంది. ఈ రెండో నియమం చిన్నదిగా కనిపిస్తుంది కానీ ‘25’ విషయంలో దాని ప్రభావం తక్కువేమీ కాదు.

స్ట్రీమింగ్‌కు ఆల్బమ్ ఇవ్వకుండా ఆపడం అడెల్ కనిపెట్టిన పద్ధతి కాదు. 2011లో కోల్డ్‌ప్లే బృందం తమ కొత్త ఆల్బమ్‌ను కొంతకాలం ఆపింది. 2014 నవంబర్‌లో అమెరికా గాయని టేలర్ స్విఫ్ట్ తన పాటలన్నీ స్పాటిఫై అనే స్ట్రీమింగ్ సేవ నుంచి తీసేసుకుంది. అప్పుడామె కొత్త ఆల్బమ్ ‘1989’ అమెరికాలో మొదటి వారం 12.87 లక్షల కాపీలు అమ్ముడైంది. సినిమా ముందు థియేటర్లలో ఆడి, తర్వాత ఇంటి తెరమీదికి వచ్చినట్టే పాటలకూ అంచెలు పెట్టడం ఇది. మా రంగంలో దీన్ని విండోయింగ్ అంటారు.

దాదాపు ఐదేళ్ల ఎదురుచూపు

‘25’ అమ్మకాలు 2015లో మొదలయ్యాయని నేను అనుకోను. అవి 2011లో మొదలయ్యాయి. ఆ ఏడాది జనవరిలో బ్రిటన్‌లో, ఫిబ్రవరిలో అమెరికాలో వచ్చిన ‘21’ ఆల్బమ్ బిల్‌బోర్డ్‌లో 24 వారాలు మొదటి స్థానంలో ఉంది. 2012 ఫిబ్రవరిలో అడెల్‌కు ఒకే రాత్రి ఆరు గ్రామీ సంగీత పురస్కారాలు వచ్చాయి. ‘21’ కాపీలు అమెరికాలోనే కోటికి పైగా అమ్ముడయ్యాయి. అంటే అన్ని లక్షలమంది ఈ గొంతు కోసం ఒకసారైనా డబ్బు తీసి ఇచ్చినవాళ్లు. వాళ్లలో చాలామంది ఇంట్లో ఆ సీడీ ఉంది, కారులో ఇంకో కాపీ ఉంది.

తర్వాత ఆమె దాదాపు కనుమరుగైంది. 2011 చివర్లో స్వరపేటికకు శస్త్రచికిత్స జరిగింది. 2012 అక్టోబర్‌లో కొడుకు పుట్టాడు. మధ్యలో జేమ్స్ బాండ్ చిత్రం ‘స్కైఫాల్’కు పాడిన పాటకు 2013లో ఆస్కార్ వచ్చింది. ఆ ఒక్క పాట తప్ప 2015 అక్టోబర్ వరకు కొత్త పాట లేదు. మా పనిలో ఇంత ఖాళీని ప్రమాదంగా చూస్తాం. నెలకో పాట వదలకపోతే జనం మరిచిపోతారని గాయకులను తొందరపెడతాం. నేనూ పెట్టాను. కానీ కొందరి విషయంలో ఖాళీ మరుపును కాదు, ఆకలిని పెంచుతుంది. తేడా ఎక్కడుందంటే, ఆ గాయకుల పాటలు వినేవాళ్ల జీవితంలో ఎక్కడ కూర్చున్నాయన్న దాంట్లో. ‘21’ పాటలు పెళ్లిళ్లలో, విడాకుల తర్వాత ఒంటరి ప్రయాణాల్లో, ఆసుపత్రి గదుల్లో విన్నవాళ్లు ఉన్నారు. అలాంటివాళ్లు కొత్త ఆల్బమ్‌ను కొత్త సరుకులా చూడరు. చాలా కాలానికి వచ్చిన మనిషిలా చూస్తారు.

అక్టోబర్ 21న ఆమె ట్విటర్‌లో ఒక ఉత్తరం పెట్టింది. పోయిన ఆల్బమ్ విడిపోవడం గురించినదైతే ఇది కలిసిపోవడం గురించినదని, తనతో తాను సర్దుకుంటున్నానని రాసింది. ఆలస్యానికి క్షమాపణ కూడా చెప్పింది. రెండు రోజుల తర్వాత, అక్టోబర్ 23న, ‘హలో’ వచ్చింది.

ఒక పాట అందరికీ

స్ట్రీమింగ్‌కు వేసిన తాళం గురించి చెప్పేవాళ్లు తెరిచి ఉంచిన తలుపు గురించి చెప్పరు. ‘హలో’ను ఎక్కడా ఆపలేదు. రేడియోలో, యూట్యూబ్‌లో, స్ట్రీమింగ్ సేవల్లో అన్నిచోట్లా మొదటి రోజునుంచే ఉంది. గ్జేవియర్ డోలాన్ దర్శకత్వంలో తీసిన వీడియోలో కొంత భాగాన్ని ఐమాక్స్ కెమెరాతో చిత్రించారు. పాతబడిన గోధుమ రంగు, దుమ్ము పట్టిన ఇల్లు, చేతిలో మడతపెట్టే పాత ఫోను. మొదటి 24 గంటల్లో 2.77 కోట్లసార్లు చూశారు. 88 రోజుల్లో వంద కోట్లు దాటింది. అంతకుముందు ‘గంగ్నం స్టైల్’ ఆ మెట్టు ఎక్కడానికి 158 రోజులు పట్టింది.

అందరూ ఈ వంద కోట్ల గురించే మాట్లాడతారు. నా దృష్టి వేరే అంకె మీద ఉంటుంది. అమెరికాలో మొదటి వారం ‘హలో’ 11.1 లక్షల డౌన్‌లోడ్‌లు అమ్ముడైంది. ఒకే వారంలో పది లక్షలు దాటిన మొదటి పాట అదే. ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. అదే పాట యూట్యూబ్‌లో పైసా ఖర్చు లేకుండా దొరుకుతోంది. స్పాటిఫైలో దొరుకుతోంది. ఏ క్షణంలో రేడియో పెట్టినా వినిపిస్తోంది. అయినా ఒక్క వారంలో 11 లక్షలసార్లు ఎవరో డబ్బిచ్చి దాన్ని తమ సొంతం చేసుకున్నారు. వీళ్లు పాట వినడానికి దారిలేక కొనలేదు. ఆ పాట తమ దగ్గర ఉండాలని కొన్నారు.

ఆల్బమ్ విడుదలకు ఇంకా రెండున్నర వారాలుండగానే ఈ అంకె బయటికి వచ్చింది. విడుదల ప్రణాళిక వేసేవారికి ఇంతకంటే మంచి జ్వరమానిని దొరకదు. ఉచితంగా ఉన్నచోట కూడా కొనే జనం ఎంతమంది ఉన్నారో ముందే తెలిసిపోయింది. ఆల్బమ్‌ను ఆపితే వీళ్లలో ఎవరూ అలిగి వెళ్లిపోరు. దుకాణానికి వెళతారు, అంతే.

తాళం, దాని లెక్క

ఆల్బమ్ 2015 నవంబర్ 20న వచ్చింది. బ్రిటన్‌లో ఎక్స్ఎల్ రికార్డింగ్స్, అమెరికాలో కొలంబియా విడుదల చేశాయి. పదకొండు పాటలు. గ్రెగ్ కర్‌స్టిన్, పాల్ ఎప్‌వర్త్, మ్యాక్స్ మార్టిన్, రయాన్ టెడర్, బ్రూనో మార్స్ వంటివారు పనిచేశారు. మొదటి రోజు స్ట్రీమింగ్‌లో ఉండదన్న వార్త విడుదలకు ముందురోజు బయటపడింది. తర్వాత టైమ్ పత్రికతో మాట్లాడుతూ అడెల్ తన కారణం చెప్పింది. సంగీతం ఒక సందర్భంలా ఉండాలని, స్ట్రీమింగే భవిష్యత్తని తెలిసినా పాటలు వినడానికి అదొక్కటే దారి కాదని ఆమె ఉద్దేశం. ఆ మాటలో డబ్బు ప్రస్తావన లేదు. కానీ మా వృత్తిలో ఉన్నవాళ్లం డబ్బు లెక్క కూడా వేసి చూడాలి.

ఒక డిజిటల్ ఆల్బమ్ ధర పది డాలర్లు అనుకుందాం. ఐట్యూన్స్ వంటి ఆన్‌లైన్ దుకాణం 30 శాతం ఉంచుకుంటే లేబుల్ వైపు, అంటే ఆల్బమ్ విడుదల చేసిన సంస్థ వైపు, ఏడు డాలర్లు వస్తాయి. స్పాటిఫై 2013లో తానే చెప్పిన లెక్క ప్రకారం ఒక్కసారి వింటే హక్కుదారులకు సగటున 0.006 నుంచి 0.0084 డాలర్లు వెళ్లేవి. మధ్యస్థంగా 0.007 తీసుకుంటే, ఏడు డాలర్లు రావడానికి పాటలు వెయ్యిసార్లు వినిపించాలి. పదకొండు పాటల ఆల్బమ్‌ను ఒకే మనిషి మొదటినుంచి చివరిదాకా 91 సార్లు వినాలి. ఎంత ఇష్టమైన ఆల్బమ్ అయినా అన్నిసార్లు వినేవాళ్లు అరుదు. విన్నా, ఆ డబ్బు రావడానికి ఏళ్లు పడుతుంది.

చార్ట్ లెక్క ఇంకా కఠినం. 33.8 లక్షల అమ్మకాలకు సమానం కావాలంటే ఒక్కొక్కదానికి 1,500 చొప్పున 507 కోట్ల స్ట్రీమ్‌లు కావాలి, అదీ ఒకే వారంలో, ఒకే దేశంలో. అప్పటి చందాదారుల సంఖ్యతో అది ఊహకు కూడా అందదు.

ఇంకోలా చూద్దాం. ఆ కొన్నవాళ్లలో నలుగురిలో ఒకరు, స్ట్రీమింగ్‌లో ఉంది కదా అని కొనడం మానేశారని ఊహించుకుందాం. 8.45 లక్షల మంది. వాళ్లలో ప్రతి ఒక్కరూ మొదటి వారం ఆల్బమ్‌ను పదిసార్లు పూర్తిగా విన్నారనుకున్నా ఒక్కొక్కరికి 110 స్ట్రీమ్‌లు, అంటే 77 సెంట్లు. చార్ట్‌లో ఆ 8.45 లక్షల అమ్మకాలు కరిగి సుమారు 62 వేలవుతాయి. ఇది కేవలం నా ఊహ లెక్క. కానీ లేబుల్‌లో కూర్చున్న ఏ మనిషికైనా ఈ లెక్క రాత్రి నిద్ర పట్టనివ్వదు. కొనే జనం ఇంతమంది ఉన్నప్పుడు ఆపడం వల్ల పోయేది తక్కువ, ఆపకపోతే పోయే ప్రమాదం ఎక్కువ.

పైగా ఆపింది శాశ్వతంగా కాదు. 2016 జూన్ 24న ‘25’ అన్ని ప్రధాన స్ట్రీమింగ్ సేవల్లోకీ వచ్చేసింది. ఏడు నెలల నాలుగు రోజులు. కొనాల్సినవాళ్లు కొన్నాక, కొననివాళ్ల కోసం తలుపు తెరిచారు. కొన్నవాళ్లలో చాలామంది తర్వాత ఫోనులో స్ట్రీమింగ్‌లోనే విని ఉంటారు. అలా ఒకే శ్రోత దగ్గర రెండు దారుల్లో ఆదాయం వచ్చింది. విండోయింగ్ అసలు ఉద్దేశం అదే.

వారం వారం

బిల్‌బోర్డ్ కోసం దుకాణాల అమ్మకాలను నేరుగా లెక్కించడం 1991లో మొదలైంది, 2015లో ఆ పని నీల్సన్ సంస్థ చేసేది. 1991 నుంచి ‘25’ వచ్చేదాకా ఒక్క వారంలో ఎక్కువగా అమ్ముడైన ఆల్బమ్ 2000 మార్చిలో వచ్చిన ఎన్‌సింక్ బృందానిది, 24.16 లక్షలు. సీడీల స్వర్ణయుగంలో నెలకొన్న ఆ రికార్డును ఇక ఎవరూ అందుకోలేరని మా రంగంలో గట్టి నమ్మకం. ‘25’ దాన్ని నాలుగు రోజుల్లో దాటింది. వారం ముగిసేసరికి 33.8 లక్షలు, అందులో దాదాపు సగం సీడీలు, సగం డౌన్‌లోడ్‌లు. విడి పాటల డౌన్‌లోడ్‌లు వగైరా కలిపితే చార్ట్ లెక్కలో 34.8 లక్షల యూనిట్లు. దానికి ముందు వారమే వచ్చిన జస్టిన్ బీబర్ ఆల్బమ్ స్ట్రీమింగ్‌తో సహా 6.49 లక్షల యూనిట్లు సాధించింది. ఆ కాలానికి అది చాలా పెద్ద విజయం. పక్కన పెట్టి చూస్తే ‘25’ ఎంత అసాధారణమో తెలుస్తుంది.

బ్రిటన్‌లో మొదటి వారం 8,00,307. పాత రికార్డు 1997 నాటి ఒయాసిస్ బృందానిది, 6.96 లక్షలు. ఒక న్యాయమైన మాట ఇక్కడ చెప్పాలి. ఒయాసిస్ ఆల్బమ్ గురువారం వచ్చింది, అప్పట్లో చార్ట్ వారం శనివారంతో ముగిసేది. ఆ అంకె మూడు రోజుల అమ్మకం. అడెల్ అభిమానినైనా నేను ఆ రెంటినీ ఒకే తూకంలో పెట్టను.

తేదీ ఎంపికను మెచ్చుకోకుండా ఉండలేను. నవంబర్ 20 శుక్రవారం. మొదటి చార్ట్ వారం 26వ తేదీ గురువారంతో ముగిసింది, అది అమెరికాలో థ్యాంక్స్‌గివింగ్ పండుగ రోజు. రెండో వారం మొదలైన శుక్రవారమే దుకాణాలు కిక్కిరిసే బ్లాక్ ఫ్రైడే. అభిమానులు తమ కోసం కొన్న వారం ఒకటి, జనం ఇతరుల కోసం కొన్న వారం ఇంకొకటి. రెండో వారం 11 లక్షలకు పైగా. మూడో వారం 7 లక్షల దరిదాపులకు పడింది. మామూలుగా అక్కడినుంచి జారుడే. కానీ క్రిస్మస్ ముందురోజుతో ముగిసిన ఐదో వారంలో మళ్లీ పది లక్షలు దాటింది. మూడు వేర్వేరు వారాల్లో పది లక్షలు దాటిన ఆల్బమ్ అంతకుముందు లేదు.

ఈ ఐదో వారం మీద నేను చాలా కాలం ఆలోచించాను. అప్పటికి వీరాభిమానులంతా ఎప్పుడో కొనేశారు. అప్పుడు కొన్నవాళ్లు అమ్మకు, అత్తగారికి, ఆఫీసులో తోటివారికి బహుమతిగా కొన్నవాళ్లు. ఎర్ర కాగితంలో చుట్టి ఇవ్వడానికి చేతికి తగిలే వస్తువు కావాలి. స్ట్రీమింగ్ చందాను చుట్టి ఇవ్వలేం. మూడు తరాలవాళ్లు ఒకే ఇంట్లో కూర్చుని వినగల పాటలు కావడం వల్ల ఆ బహుమతి ఎవరికిచ్చినా తప్పు కాదన్న ధీమా కొనేవాళ్లకు కలిగింది. అమెరికాలో ‘టార్గెట్’ అనే గొలుసు దుకాణాలకు ప్రత్యేకంగా మూడు పాటలు అదనంగా ఉన్న కాపీ ఇవ్వడం కూడా ఇలాంటి కొనుగోలుదారును దృష్టిలో పెట్టుకునే. సబ్బులు, పిల్లల బట్టలు కొంటూ దారిలో సీడీ అందుకునే మనిషి ఆ కొనుగోలుదారు.

ఏడాది ముగిసేసరికి అమెరికాలో 74.4 లక్షలు, ఆరు వారాల్లో. రెండో స్థానంలో ఉన్న ‘1989’ ఏడాది పొడవునా అమ్ముడైంది దాదాపు 20 లక్షలు. ఐఎఫ్‌పీఐ లెక్కలో 2015లో ప్రపంచవ్యాప్తంగా ‘25’ 1.74 కోట్ల కాపీలు. బిల్‌బోర్డ్‌లో మొత్తం పది వారాలు మొదటి స్థానం. 2017 ఫిబ్రవరిలో ఐదు గ్రామీలు.

మేం చేసిన తప్పు

‘25’ వచ్చిన కొన్నాళ్లకు ఒక యువ గాయని రెండో ఆల్బమ్ విడుదల నా చేతికి వచ్చింది. పేరు చెప్పను. మంచి గొంతు, నిజాయితీగల పాటలు. ఆమె వ్యవహారాలు చూసే ఆయన మొదటి సమావేశంలోనే అన్నారు: ‘అడెల్‌లా ఆపుదామండీ. ఆపితే విలువ పెరుగుతుంది.’ నేను ఎదురు చెప్పలేదు. అంకెలు నాకూ కళ్లముందు మెరుస్తున్నాయి. ఒక పాట అన్నిచోట్లా వదిలి, మిగతావి నాలుగు వారాలు డౌన్‌లోడ్, సీడీ రూపంలో అమ్మాలని నిర్ణయించాం.

మొదటి వారమే అర్థమైంది. అమ్మకాలు ఒక చిన్న హాలు నింపే జనమంత కూడా లేవు. ఆమె మొదటి ఆల్బమ్ మొత్తం స్ట్రీమింగ్ ప్లేలిస్టుల ద్వారానే పెరిగింది. ఆమె శ్రోతలు కొనడం మానేసినవాళ్లు కాదు, పాటను కొనడం అన్నదే ఎరుగని వయసువాళ్లు. ఒక అమ్మాయి గాయనికి పంపిన సందేశం నాకు ఇప్పటికీ గుర్తుంది: ‘డబ్బులివ్వడానికి నేను సిద్ధమే అక్కా. కానీ సీడీ కొంటే దాన్ని ఎక్కడ పెట్టి వినాలి? మా ఇంట్లో అది పెట్టే యంత్రమే లేదు.’ ఆ సందేశం చదివినప్పుడు గాయని ఏమీ మాట్లాడలేదు. ఫోను బల్లమీద బోర్లా పెట్టి కిటికీ వైపు చూస్తూ కూర్చుంది.

నాలుగు వారాల తర్వాత తలుపు తెరిచాం. అప్పుడు మరో దెబ్బ తగిలింది. ఆల్బమ్ వివరాల్లో అసలు విడుదల తేదీ నెల కిందటిది. స్ట్రీమింగ్ సేవల్లో కొత్త విడుదలల వరుసలో అది రాలేదు. సంపాదకులకు అది పాత సరుకు. వినేవాళ్లకు మొదటి పాట అప్పటికే పాతబడింది. మేం విలువ పెంచలేదు. నాలుగు వారాలు ఆమె గొంతును ఆమె మనుషులకే అందకుండా చేశాం.

తప్పు ఆ గాయనిది కాదు, ఆమె పాటలదీ కాదు. అడెల్ విషయంలో తాళం వేయకముందే బయట జనం బారులు తీరి ఉన్నారు. తాళం ఆ బారును దుకాణం వైపు తిప్పింది. మేం జనం లేని వీధిలో తాళం వేశాం. వేసే ముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే ఉండింది: ఉచితంగా దొరుకుతున్నా కొన్నవాళ్లు ఇప్పటిదాకా ఎంతమంది? ముందే వదిలిన పాట డౌన్‌లోడ్ అమ్మకాలు చూసి ఉంటే జవాబు దొరికేది. ఆ అంకె నా దగ్గరే ఉంది. నేను దాన్ని చూడలేదు, 33.8 లక్షలను చూశాను.

ఆరేళ్ల తర్వాత

ఈ కేసులో నాకు అన్నిటికంటే బలమైన సాక్ష్యం ‘25’లో దొరకలేదు. 2021 నవంబర్ 19న వచ్చిన ఆమె తర్వాతి ఆల్బమ్ ‘30’లో దొరికింది. ఈసారి అడెల్ తాళం వేయలేదు. మొదటి రోజే స్పాటిఫైతో సహా అన్నిచోట్లా పెట్టింది. అమెరికాలో మొదటి వారం 8.39 లక్షల యూనిట్లు. ఆ ఏడాది ఏ ఆల్బమ్‌కూ అంత పెద్ద వారం రాలేదు. అందులో నిజమైన అమ్మకాలు 6.92 లక్షలు. అంటే చందా కట్టినవారికి ఆ ఆల్బమ్ వేలి చివర ఉన్న రోజుల్లో, సీడీ పెట్టే చోటు లేని కార్లు వస్తున్న రోజుల్లో, ఆమె యూనిట్లలో ఐదింట నాలుగు వంతులకు పైగా కొనుగోళ్లే. తాళం లేకపోయినా కొన్నారు. కొనడం వాళ్ల అలవాటు కాబట్టి కొన్నారు.

అయితే ఇంకో వైపు కూడా చూడాలి. బ్రిటన్‌లో ‘30’ మొదటి వారం 2.61 లక్షలు, ‘25’ అంకెలో మూడో వంతు. అమెరికాలో నాలుగో వంతు కంటే తక్కువ. ఇందులో ఎంత భాగం తాళం తీసినందువల్ల, ఎంత భాగం ఆరేళ్లలో కొనేవాళ్లే తగ్గిపోయినందువల్ల అని విడదీయడం సాధ్యం కాదు. నా అంచనాలో రెండోదే పెద్ద భాగం. 2021లో తాళం వేసి ఉంటే కొన్ని లక్షలు పెరిగేవేమో కానీ, ఆ ఏడు నెలలు ఆమె పాటలు వినాల్సిన కుర్రకారు మరెవరి పాటల దగ్గరికో వెళ్లిపోయేవారు. మధ్యేమార్గం కూడా పరిశ్రమ ప్రయత్నించింది. 2017 ఏప్రిల్‌లో యూనివర్సల్ సంగీత సంస్థతో కుదిరిన ఒప్పందంలో కొత్త ఆల్బమ్‌లను రెండు వారాలపాటు చందాదారులకే పరిమితం చేసుకునే వీలు స్పాటిఫై ఇచ్చింది. 2015లో అది ఉండి ఉంటే ‘25’ కథ వేరేగా ఉండేదేమో.

‘30’ వచ్చిన వారాంతంలో ఇంకో చిన్న సంగతి జరిగింది. స్పాటిఫైలో ఆల్బమ్ తెరిచి ప్లే నొక్కితే పాటలు వరుస తప్పి కలగాపులగంగా వచ్చే ఏర్పాటు అప్పట్లో ఉండేది. ఎంతో ఆలోచించి పాటలను వరుసలో పెడతామని, తాము చెప్పదలచుకున్న కథ ఆ వరుసలోనే వినిపించాలని అడెల్ అడిగింది. స్పాటిఫై తన చందాదారులకు ఆ ఏర్పాటు మార్చింది. ఆల్బమ్ నొక్కితే మొదటి పాటనుంచే మొదలవుతుంది. 2015లో ఏడు నెలల తాళంతో ఆమె కోరింది కూడా ఇదే అనిపిస్తుంది నాకు. పదకొండు పాటలను ఒక్కటిగా, కూర్చుని, వరుసగా వినాలని. అప్పుడు దానికోసం ప్రపంచంలోకెల్లా పెద్ద స్ట్రీమింగ్ సేవలన్నిటినీ బయట నిలబెట్టాల్సి వచ్చింది. ఇప్పుడు ఒక బొత్తాం సరిపోయింది.

ఆ యువ గాయని మూడో ఆల్బమ్ పని ఇప్పుడు జరుగుతోంది. ఈసారి మొదటి రోజే అన్నిచోట్లా పెడుతున్నాం. వినైల్ కాపీలు కొన్నే, ముందుగా అడిగి డబ్బు కట్టినవారికి సరిపడా చేయిస్తున్నాం. పాటల వరుస మాత్రం ఆమె మూడుసార్లు మార్చింది. నిన్న సాయంత్రం నాలుగోసారి మార్చి పంపింది. ఆమె చెప్పినట్టే ఏడో పాటను రెండో స్థానానికి తెచ్చి విన్నాను. తను చెప్పింది సరిగ్గా ఉంది.